మన మీదుగా పోయిన దారులు

కాజీపేట నుండి బల్లార్షాకు పోయే రైలుమార్గంలో 'ఆసిఫాబాదు రోడ్డు' అనే స్టేషను ఒకటి ఉన్నది. ఆ దారికి కొత్తవారు ఆ పేరు చదివి, ఆసిఫాబాదు వచ్చినదనుకొని మూటాముల్లె సర్దుకుంటారు. ఇది ఆసిఫాబాదు కాదు, ఆసిఫాబాదుకు పోయే బాట మాత్రమేనని పక్కవారు చెప్పవలసి వస్తుంది. ఊరు అక్కడికి కొన్ని మైళ్ళ దూరాన ఉన్నది. పేరుకు 'రోడ్డు' అనే మాట చేర్చుకున్న స్టేషనులు దేశంలో ఇంకా చాలా ఉన్నవి. వాటన్నిటి కథా ఒక్కటే. రైలు ఆ ఊరికోసం రాలేదు. తన దారిన తాను పోతూ, ఊరికి అందుబాటులో కాసేపు నిలిచినది.

కరీంనగరు, ఆదిలాబాదు సీమల ప్రయాణచరిత్రను తిరగవేసి చూస్తే ఈ స్టేషను పేరే మాటిమాటికీ గుర్తుకు వస్తుంది. ఉత్తర దక్షిణాలను కలిపే దారులు ఎన్నో ఈ నేలమీదుగా పోయినవి. కాశీకి పోయే యాత్రికుల బాట, మాంచెస్టరు మిల్లులకు పత్తి చేరవేయదలచిన నదీమార్గం, ఢిల్లీకి మద్రాసుకు నడుమ పరుగెత్తే రైలు, అన్నీ ఇక్కడినుండే పోయినవి. వాటిలో ఇక్కడివారికోసం వచ్చినవి ఎన్ని? ఇక్కడివారు మాత్రం ఏ సాధనంతో ఎక్కడెక్కడికి తిరిగినారు? ఈనాటి ప్రసంగంలో ఈ రెండు ప్రశ్నలనే పరిశీలిద్దాము.

మొదట నేల స్వరూపం చెప్పుకోవాలి. ఈ రెండు సీమలకు నడుమ గోదావరి ఎల్లగా పారుతున్నది. దానికి ఉత్తరాన ఆదిలాబాదు, దక్షిణాన కరీంనగరు. ఆదిలాబాదుకు పైన పెనుగంగ, వార్ధా, తూర్పున ప్రాణహిత. లోపల కడెం, పెద్దవాగు. కరీంనగరుకు నడిమధ్యన మానేరు. ఇన్ని నీళ్ళ నడుమ ఉన్న దేశంలో ప్రయాణ ముహూర్తాన్ని పంచాంగం కంటె ముందు వానలే నిర్ణయించేవి. మృగశిర కార్తెలో చినుకు పడితే బండిబాట బురదలో కలిసిపోయేది. మళ్ళీ దసరా, దీపావళి దాటి వాగులు తగ్గిన తరువాతనే బండ్లకు కందెన పెట్టేవారు. రోహిణి కార్తె దాకా పెళ్ళిళ్ళూ జాతరలూ ధాన్యపు రవాణా అన్నీ ఆ ఏడెనిమిది నెలలలోనే ముగియవలసినవి.

సాధనాలు కూడా ఎవరి అంతస్తుకు తగినట్లు వారికి ఉండేవి. దొరలు, దేశముఖులు మేనాలలో పోయేవారు. ఆ మేనాను మోసే బోయీలు కాలినడకనే పోయేవారు. కలిగిన రైతు ఇంటి ఆడవారు గుడిసె కట్టిన కచ్చురం బండిలో పుట్టింటికి వెళ్ళేవారు. జోడెడ్ల బండి రోజుకు పది పన్నెండు మైళ్ళు నడిస్తే మంచి ప్రయాణమే. బండి పోలేని చోట్లకు పెరికె ఎద్దులు పోయేవి. లంబాడీ బిడారులు వందల ఎద్దుల వీపున ఉప్పు మోసుకొని వచ్చి, ధాన్యం మోసుకొని పోయేవి. అడవిలో వారి ఎద్దులు తొక్కిన జాడలే తరువాత ఎన్నో బాటలకు మూలమైనవి. నది అడ్డమైతే నాటుపడవ, అదీ లేనిచోట పుట్టి. వెదురు బద్దలతో బుట్టవలె అల్లి తోలు తొడిగిన గుండ్రని ఆ పుట్టిలో మనుషులు కూర్చుంటే, పశువులు పక్కన ఈదుకుంటూ వచ్చేవి. ధర్మపురికీ, మంథనికీ, కాళేశ్వరానికీ పుష్కరాలకు వచ్చిన లక్షలాది జనం తరతరాలుగా చేరుకున్నది ఈ సాధనాలతోనే.

ఈ సీమ గుండా పోయిన ఒక ప్రయాణానికి తెలుగులో అపురూపమైన లిఖితసాక్ష్యం మిగిలినది. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా ఉన్న ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీన కాశీకి బయలుదేరినారు. వారి వెంట నూరుమందికి దగ్గరగా పరివారం. తిరుపతి, కడప, శ్రీశైలం, హైదరాబాదు చూచుకొని, ఉత్తరాభిముఖంగా గోదావరి దాటి, నిర్మల మీదుగా నాగపురం దారి పట్టినారు. 1831 సెప్టెంబరు 3న తిరిగి మద్రాసు చేరేటప్పటికి పదిహేను నెలల పదిహేను రోజులు పట్టినది. దారిలో వారు వ్రాసి మిత్రులకు పంపిన వృత్తాంతమే 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయినది.

ఆ గ్రంథంలో వీరాస్వామయ్యగారు మజిలీ తరువాత మజిలీ ఎంత దూరమో, ఎక్కడ సరుకులు దొరుకుతవో, ఎక్కడ దిగడానికి చోటు ఉన్నదో, బాట రాతిదా, రేగడిదా అని వెనుక వచ్చే యాత్రికునికి పనికివచ్చేటట్లు వ్రాసినారు. వారు పల్లకీలో కూర్చుండి బోయీల భుజాలమీద సాగిన ఆ యేటనే, సెప్టెంబరు 15న, ఇంగ్లండులో లివర్‌పూలు, మాంచెస్టరు నగరాల నడుమ ఆవిరియంత్రపు రైలు ప్రారంభమైనది. ఒకే సంవత్సరంలో లోకం రెండు వేగాలతో నడుస్తున్నదన్నమాట. ఆ రెండవ వేగం నిర్మల సీమకు చేరడానికి నూరేండ్లు పట్టినది. అంతకు ముందు మరొక వింత ప్రయత్నం జరిగినది. ఆ ప్రయత్నానికీ మాంచెస్టరుకూ గట్టి సంబంధం ఉన్నది.

ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన ఆర్థరు కాటనుగారి పేరు శ్రోతలందరికీ తెలిసినదే. ఆనకట్ట 1852లో పూర్తి అయిన తరువాత కాటనుగారి చూపు నదికి ఎగువన పడినది. గోదావరి, ప్రాణహిత, వార్ధా నదులను పడవలకు అనువుగా తీర్చితే, బీరారు, నాగపురం ప్రాంతాల పత్తి నీటిమీదనే సముద్రతీరానికి దిగిరాగలదని ఆయన వాదించినారు. యూరపులో రైను నది, డాన్యూబు నది ఆనాటికే పలు రాజ్యాల ఉమ్మడి రహదారులు. 1815లో వియన్నాలో కూడిన రాజ్యాలు, ఉమ్మడి నదులమీద పడవల రాకపోకలు స్వేచ్ఛగా సాగవలెననే సూత్రాన్ని అంగీకరించినవి. డాన్యూబు ముఖద్వారంకోసం 1856లో ప్రత్యేకంగా ఒక సంఘమే ఏర్పడినది. ఆ సూత్రమే మన గోదావరికీ వచ్చినది. 1860లో నిజాముతో జరిగిన సంధిలో, ఇరు రాజ్యాలకు ఎల్లగా ఉన్నంత మేర గోదావరిమీదా, దాని ఉపనదులమీదా పోయే సరుకుపై ఎవరూ సుంకం విధించరాదని వ్రాసుకున్నారు. అదే సంధిలో సిరోంచ, నూగూరు, చర్ల, భద్రాచలం మొదలైన ఎడమగట్టు తాలూకాలు నిజాము చేతినుండి ఇంగ్లీషువారి చేతికి పోయినవి.

నదిలో రాళ్ళు అడ్డుపడే తావులు ముఖ్యంగా మూడు. మొదటిది దుమ్ముగూడెం, రెండవది కాళేశ్వరానికి దిగువన ఇచ్చంపల్లి, మూడవది ప్రాణహితమీద దేవలమర్రి. ఆ మూడింటి వద్ద ఆనకట్టలు, పక్కన కాలువలు, పడవలను మెట్టు మెట్టుగా ఎక్కించి దించే లాకులు కట్టవలెనని పథకం. హేగు అనే ఇంజనీరు ఆ పనులను నడిపించినాడు. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి ఆగిపోవడంతో మాంచెస్టరు మిల్లుదారుల ఆతురత హెచ్చినది. వేలాది కూలీలు మన్యపు జ్వరాలకు ఓర్చి రాళ్ళు పగులగొట్టినారు. కాని అమెరికా యుద్ధం 1865లో ముగిసినది. 1867లో బొంబాయి నుండి రైలు నాగపురం చేరినది. పత్తికి పడమటి దారి దొరికినది. ఏడాదిలో కొన్ని నెలలు మాత్రమే నిండుగా పారే నదితో ఇక ఎవరికి పని? 1871లో పనులు ఆపివేసినారు.

పడవలు రాలేదు. గీత మాత్రం నిలిచినది. నౌకాయానంకోసం చేతులు మారిన గట్టులలో సిరోంచ నేడు మహారాష్ట్రలో ఉన్నది. ఆవలి ఒడ్డున కాళేశ్వరం తెలంగాణలో ఉన్నది. సిరోంచలో ఈనాటికీ తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎన్నో ఉన్నవి. రెండు ఒడ్డుల మధ్య పిల్లనిచ్చి పుచ్చుకున్న బంధువులు తరాల తరబడి పడవలలో దాటినారు. ఇప్పుడు అక్కడ వంతెన ఉన్నది. ఎవరి పత్తికోసమో గీసిన గీతను వీరు నూటయాభై ఏండ్లకు పైగా పెండ్లిపేరంటాలకు దాటుతూనే ఉన్నారు.

ఇక రైలు సంగతి. నిజాము రాజ్యంలో 1874లో వాడి నుండి సికింద్రాబాదుకు రైలు నడిచినది. 1889 నాటికి ఆ మార్గం వరంగల్లు మీదుగా బెజవాడ చేరినది. కాని కాజీపేట నుండి ఉత్తరానికి తిరిగి, పెద్దపల్లి, రామగుండం దాటి, గోదావరిమీద వంతెన ఎక్కి, మంచిర్యాల, బెల్లంపల్లి అడవుల గుండా బల్లార్షా చేరే సుమారు 235 కిలోమీటర్ల శాఖ పూర్తికావడానికి 1929 దాకా పట్టినది. అది పూర్తికావడంతో ఢిల్లీకీ మద్రాసుకూ సూటిదారి ఏర్పడినది. గ్రాండు ట్రంకు ఎక్స్‌ప్రెస్సు ఆ సంవత్సరమే బయలుదేరినది. మొదట అది పెషావరుకూ మంగళూరుకూ నడుమ 104 గంటల ప్రయాణం. వాయవ్యపు కనుమల వాసులూ అరేబియా తీరపు వాసులూ ఒకే రైలులో మన జమ్మికుంట, పెద్దపల్లి మీదుగా పోయినారు.

రైలు రాకతో అడవి మధ్య ఊర్లు లేచినవి. బెల్లంపల్లి ప్రాంతపు బొగ్గుకు దారి దొరికినది. సిర్పూరు పక్కన 1938లో కాగితపు మిల్లు నెలకొని, ఆ ఊరికి కాగజ్‌నగరు అనే పేరే స్థిరపడినది. మంచిర్యాల వర్తకకేంద్రమైనది. ఇవన్నీ లాభాలే. కాని జిల్లా కేంద్రాల మాట ఏమి? ఎల్గందుల నుండి 1905లో జిల్లా కేంద్రమై వచ్చిన కరీంనగరుకు రైలు ముప్పైయైదు కిలోమీటర్ల దూరాన, పెద్దపల్లి వద్దనే నిలిచిపోయినది. కచ్చేరీలో పని ఉన్న రైతు రైలు దిగి మళ్ళీ బండి ఎక్కవలసినదే. పట్టాలు భూమిమీద పరచినవారు రెండు మహానగరాల నడుమ దగ్గరిదారిని, బొగ్గును చూచుకున్నారు. కొలబద్ద ఊర్లమీద పెట్టలేదు.

ఆ లోటును కొంత పూడ్చినది బస్సు. 1930లో నిజాము ప్రభుత్వం రైల్వేను తన స్వాధీనం చేసుకున్నది. రెండేండ్లకు, 1932 జూనులో, ఆ రైల్వేశాఖయే 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణా విభాగాన్ని ఆరంభించినది. రైలునూ బస్సునూ ఒకే యాజమాన్యం కింద నడిపి, పట్టాలు లేని చోటికి చక్రాలు పంపడం ఇందులోని ఆలోచన. 1951 నవంబరులో ఈ విభాగం రైల్వేనుండి విడిపోయి హైదరాబాదు రాష్ట్రప్రభుత్వం కిందికి వచ్చినది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడినది. సోను వద్ద గోదావరి వంతెన దాటి, నిర్మల తరువాత మహబూబు ఘాటు మలుపులు ఎక్కి బస్సు ఆదిలాబాదు చేరుతుంటే, వీరాస్వామయ్యగారి పల్లకీకి రోజులు పట్టిన బాట పూటలోనికి వచ్చినది. అంతకంటె ముఖ్యమైన సంగతి మరొకటి ఉన్నది. బస్సులో టికెట్టు కొన్నవాడెవడైనా కూర్చోవచ్చును. మేనా మోసిన బోయీ మనుమడు, మేనాలో కూర్చున్న దొర మనుమని పక్కనే కూర్చున్నాడు.

ఇంతవరకు దారి అంటే మేలు అనే ధోరణిలో చెప్పుకుంటూ వచ్చినాము. ఆదిలాబాదు అడవులలో ఈ కథకు మరొక ముఖం ఉన్నది. గోండులు, కొలాములు గుట్టలమీది గూడేలలో ఉండి కాలిబాటలతో, చిన్న ఎడ్లబండ్లతో జీవితం వెళ్ళబుచ్చుకున్నవారు. రైలూ రోడ్డూ వచ్చిన వెంట కలపగుత్తేదారు వచ్చినాడు, వడ్డీవ్యాపారి వచ్చినాడు, నల్లరేగడి సాగుకు బయటి రైతులు వచ్చినారు. పట్టా కాగితం అంటే ఎరుగని గోండు తన చేనులో తానే కూలి అయినాడు. అడవి చట్టాలు మిగిలిన చోటునుండి కూడా వెళ్ళగొట్టినవి. 1940లో జోడేఘాటు వద్ద కుమ్రం భీము ప్రాణాలు అర్పించిన పోరాటానికి ఈ భూమి బాధయే మూలం.

ఆ తరువాత నిజాము ప్రభుత్వం గోండుల స్థితిగతులు తెలుసుకోవడానికి ఆశ్రయించిన పండితుడు క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్. డాన్యూబు ఒడ్డున ఉన్న వియన్నాలో 1909లో జన్మించినవాడు. ఆయన, భార్య బెట్టీ, మార్లవాయి అనే గూడెంలో గోండుల నడుమ నివసించినారు. గూడెం నుండి గూడెానికి ఆ గుట్టబాటలనే నడిచినారు. రాకపోకలు సులువైన కొద్దీ బయటివారి చేతికి గిరిజనుల భూమి పోయిన తీరును ఆయన తన గ్రంథాలలో స్పష్టంగా వివరించినాడు.

హైమండార్ఫ్ చేసిన పనులలో ఒకటి మన విషయానికి అతి సన్నిహితమైనది. మొర చెప్పుకోవడానికి గోండు కచ్చేరీ దాకా రావలెనంటే రోజుల తరబడి నడక. వచ్చినా భాష రాదు, గుమాస్తా దాటనివ్వడు. అందువల్ల 1940ల నడుమ ఆయన ప్రయాణపు దిశనే తిప్పినాడు. కేస్లాపూరులో ఏటేటా పుష్య అమావాస్యకు జరిగే నాగోబా జాతరకు గోండులందరూ ఎలాగూ వస్తారు. అక్కడికే అధికారులను రప్పించి, దర్బారు పెట్టించి, ఫిర్యాదులు వినిపించినాడు. జాతరలో ఆ దర్బారు ఆచారంగా నిలిచిపోయినది. సర్కారు ప్రజల దగ్గరకు ప్రయాణం చేయడం ఈ సీమ చరిత్రలో అరుదైన సంగతి. దానికి కొత్త రోడ్డు అక్కరలేకపోయినది. ఎవరు ఎవరి వద్దకు పోవలెననే ప్రశ్నకు సరియైన సమాధానం మాత్రం కావలసి వచ్చినది.

ఆ జాతరకు ముందు మెస్రం వంశీయులు చేసే నడక ఇక్కడ తప్పక చెప్పుకోదగినది. జన్నారం దగ్గర కలమడుగు వద్ద గోదావరిలో హస్తలమడుగు అనే చోటు ఉన్నది. అక్కడి నీటిని ఝరిలో పట్టి, చెప్పులు లేకుండా నడిచి, ఇంద్రవెల్లి మీదుగా కేస్లాపూరు చేర్చి నాగోబాకు అభిషేకం చేస్తారు. ఇప్పుడు ఆ ఊర్లకు రోడ్లున్నవి, బస్సులున్నవి. అయినా ఆ నీరు బస్సు ఎక్కదు. జాతరకు వచ్చే కుటుంబాలలో ఎడ్లబండ్లు కట్టుకొని వచ్చేవారు నేటికీ ఉన్నారు. ఈ సీమలో ఎవరి సర్వేకూ అందని దారి, ఇక్కడివారే వేసుకొని ఇక్కడివారే నడుస్తున్న దారి ఇది.

కరీంనగరు రైలు కథ కూడా చివరికి ఒక కొలిక్కి వచ్చినది. ఆ జిల్లా వంగర గ్రామానికి చెందిన పి.వి. నరసింహారావుగారు ప్రధానమంత్రిగా ఉన్న కాలంలో పెద్దపల్లి, కరీంనగరు, జగిత్యాల, నిజామాబాదులను కలిపే మార్గానికి పునాది పడినది. ఈ శతాబ్దపు తొలి ఏండ్లలో రైలు కరీంనగరు చేరినది. 177 కిలోమీటర్ల మార్గం 2017లో నిజామాబాదు దాకా పూర్తి అయినది. పెద్దపల్లిలో ఆగిన రైలు జిల్లా కేంద్రానికి రావడానికి డెబ్బైయేండ్లకు పైగా పట్టినదన్నమాట. ఆదిలాబాదు పట్టణానికి ముద్ఖేడు నుండి వచ్చిన మీటరుగేజి మార్గం తరువాత వెడల్పయినది. అయినా ఆదిలాబాదు మనిషి రైలులో హైదరాబాదు పోవలెనంటే, కిన్వట్, ముద్ఖేడు చుట్టి మహారాష్ట్ర చూచి రావలసినదే. తన రాజధానికి పరరాష్ట్రం మీదుగా పోవడం పట్టాల మహిమ.

ఈలోగా ఇక్కడి జనం తమ అవసరాన్ని బట్టి తామే దారులు వెదుక్కున్నారు. సిరిసిల్ల పద్మశాలీలు మగ్గం పనికి షోలాపూరు, భీవండి పోయినారు. 1970ల తరువాత జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెల యువకులు గల్ఫు దేశాలకు కదలినారు. ఊరినుండి బొంబాయి బస్సు, అక్కడినుండి విమానం. 2008లో శంషాబాదు విమానాశ్రయం వచ్చినదాకా ఎన్నో ఇండ్లలో కన్నీటి వీడ్కోలు అంటే బొంబాయి బస్సు దగ్గర ఇచ్చినదే. దుబాయి ఎంత దూరమో తెలియని తల్లికి ఆ బస్సు కదిలే వేళ మాత్రం కచ్చితంగా తెలుసు. పంపిన డబ్బుతో ఇండ్లు లేచినవి, పెండ్లిండ్లు జరిగినవి. మోసపోయి వచ్చినవారూ ఉన్నారు, పెట్టెలో వచ్చినవారూ ఉన్నారు.

2016లో ఈ రెండు జిల్లాలు పలు జిల్లాలుగా విడిపోయినప్పుడు ఆసిఫాబాదు కుమ్రం భీము పేరుతో జిల్లా కేంద్రమైనది. కచ్చేరీ ఊరిలోనికి వచ్చినది. స్టేషను మాత్రం దూరానే ఉన్నది. ఒక బాట వేయబోయేటప్పుడు, అది ఎక్కడినుండి ఎక్కడికి పోతుందని అడగడం ఇంజనీరు పని. నడుమ ఉన్న ఊర్లలో ఎవరు ఎక్కుతారు, ఎవరు దిగుతారు, దానివెంట ఎవరు వస్తారు, ఎవరి చేను పోతుందని అడగడం ఆ ఊర్లవారి పని. వీరాస్వామయ్యగారి కాలంనుండి ఈ సీమలో మొదటి ప్రశ్నకు జవాబులు పుష్కలంగా దొరికినవి. రెండవ ప్రశ్నను కేస్లాపూరు దర్బారులో నేలమీద కూర్చున్నవారు అడిగినారు. తరువాతి బాటకు కొలతలు వేసేటప్పుడైనా అది ముందుగా వినబడితే, ఊరి పేరు వెనుక 'రోడ్డు' అని చేర్చుకొనే అగత్యం మరొక స్టేషనుకు కలుగదు.